ఘాటెక్కే బండికి ఆయిల్ చేసే సాయమెంత?
సింథటిక్ ఇంజనాయిల్ పోయిస్తే లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తాయని కొరాపుట్, రాయగడ వైపు పికప్ నడుపుకునేవారికి ఎవరు చెప్పినా నమ్మొద్దనే నా మాట. సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్ చేరాలంటే సుమారు 750 మీటర్లు పైకెక్కాలి. సరుకుతో కలిపి మూడు టన్నులుండే బండిని అంత ఎత్తుకు మోయడానికే దాదాపు రెండు లీటర్ల డీజిల్ ఖర్చు. ఆ బరువును ఏ ఆయిలూ తగ్గించలేదు. అది తగ్గించేది ఇంజన్ లోపలి రాపిడిని, అదీ కొంతే. కంపెనీ చెప్పిన గ్రేడు వాడితే కలిసొచ్చేది మామూలుగా ఒకటి రెండు శాతం. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే బండి 10,000 కిలోమీటర్లు తిరిగితే, రెండు శాతం లెక్కన మిగిలేది 16, 17 లీటర్లు. కిస్తీ కట్టుకునే మనిషికి అదీ డబ్బే, కాదనను. కానీ ఆయిల్ ధరలోని తేడా అందులోంచి తీసేశాకే లాభం లెక్కేసుకోవాలి. నన్నడిగితే సింథటిక్ కొనాల్సింది మైలేజీ కోసం కాదు, ఇంజన్ కోసం. పొట్టంగి, సెమిలిగుడల్లో చలికాలం తెల్లవారుజామున బండి స్టార్ట్ చేసినప్పుడు పల్చగా ఉండి త్వరగా పైభాగాలకు చేరేది అదే. ఫస్టు, సెకండు గేర్లలో మూలుగుతూ ఎక్కే ఇంజన్ వేడికి తొందరగా చెడనిదీ అదే. బీఎస్-6 బండైతే పొగగొట్టంలోని ఫిల్టరు పూడుకుపోకుండా తక్కువ బూడిదిచ్చే రకమే పోయించాలి. డీజిల్ మిగలాలంటే ముందు టైర్లలో గాలి చూపించండి, ఓవర్‌లోడు మానండి.