మెడ వాలిందా? ముందు చెవి చూడండి!

కంటోన్మెంట్ (బళ్లారి):
కుక్క మెడ ఓ పక్కకు వాల్చింది. నాలుగడుగులు వేసి తూలింది. ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. అంతే.. 'హుచ్చు నాయి' అని ఒకరంటే, 'పిచ్చికుక్క' అని ఇంకొకరు. రెండు భాషల్లోనూ తీర్పు ఒక్కటే. కర్రలు లేస్తాయి. అదే పెంపుడు కుక్కయితే కర్ర లేవదు గానీ, 'పక్షవాతం కొట్టింది, ఇక లాభం లేదు' అంటూ సూది వేయించేస్తారు. లేదంటే ఊరి బయట వదిలేసి వస్తారు. అసలు రోగం ఏమిటని అడిగేవారు కరవు. చాలాసార్లు ఆ రోగం ఉండేది చెవిలో!

చెవికీ నడకకీ ఏం సంబంధం?
మనిషికైనా, కుక్కకైనా ఒళ్లు తూలకుండా నిలబెట్టే ఏర్పాటు లోపలి చెవిలోనే ఉంది. కుక్క చెవి గొట్టం కిందికి దిగి, ఇంగ్లిషు 'ఎల్' అక్షరంలా లోపలికి మలుపు తిరుగుతుంది. స్నానం నీళ్లు, గుబిలి, దుమ్ము అందులో చేరితే ఓ పట్టాన బయటికి రావు. లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల కుక్కలకైతే గాలి కూడా సరిగా ఆడదు. పైగా చర్మం అలర్జీ, చెవి పురుగులు, గోమార్లు, గడ్డి ముళ్లు. వీటికి బూజు, బ్యాక్టీరియా తోడవుతాయి.

మొదట్లో కుక్క చెవి గోక్కుంటుంది. తల పదేపదే విదిలిస్తుంది. చెవి వాసన కొడుతుంది. అప్పుడు పట్టించుకోకపోతే రోగం మధ్య చెవికి, అక్కణ్నుంచి లోపలి చెవికి పాకుతుంది. అప్పుడు మెడ వాలుతుంది, సాధారణంగా చెడిన చెవి వైపుకే. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. వాంతులవుతాయి.

ముసలి కుక్కల్లో ఇంకో రకం ఉంది. కారణం తెలియకుండానే ఉన్నట్టుండి పడిపోతాయి. చూస్తే పక్షవాతమే అనిపిస్తుంది. కానీ రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టి, రెండు మూడు వారాల్లో చాలావరకు కోలుకుంటాయి. మెడ కొద్దిగా వంకరగా మిగిలితే మిగలొచ్చు. అలాంటి జీవికి మొదటిరోజే చావు రాసేయడం ఏం న్యాయం? మెదడులో గడ్డ లాంటి కారణాలూ ఉండొచ్చు. ఏదనేది తేల్చాల్సింది డాక్టరే.

సొంత వైద్యం వద్దు
వేడి నూనె, వెల్లుల్లి రసం, పెరాక్సైడ్.. చేతికి అందింది చెవిలో పోసేయడం మనకు అలవాటు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అది నేరుగా లోపలికి దిగుతుంది. జెంటామైసిన్ వంటి మందుకైనా, క్లోర్‌హెక్సిడిన్ వంటి కడిగే మందుకైనా ఇదే ప్రమాదం. వినికిడి, నిలకడ రెండూ పోవచ్చు. మనుషుల చెవి చుక్కలు కుక్కకు వేయడం కూడా అందుకే తప్పు. డాక్టరు ముందు ఒటోస్కోపుతో కర్ణభేరిని చూడాలి. గుబిలిని మైక్రోస్కోపు కింద పెట్టి బూజా, బ్యాక్టీరియానా తేల్చాలి. లోపలికి పాకిన రోగానికి వారాల తరబడి మందు వాడాలి. నాలుగు రోజులకే తగ్గిందని మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఇంట్లో చేయాల్సింది పెద్దగా లేదు. కాళ్లు జారకుండా గోనెసంచి పరిచి, మెట్లకు దూరంగా ఉంచి, నీళ్లు నోటి దగ్గర పెడితే చాలు.

రేబిస్ మాటేమిటి?
'పిల్లల్ని కరిస్తే ఎవరు దిక్కు?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషి బతకడం దాదాపు అసాధ్యం. రేబిస్ కుక్క కూడా తూలుతుంది. దవడ జారుతుంది, చొంగ కారుతుంది, అరుపు మారుతుంది. వీధిలో నిలబడి ఏదో తేల్చేయడం ఎవరి వల్లా కాదు. అందుకే ముట్టుకోవద్దు, కొట్టొద్దు, పిల్లల్ని దూరంగా ఉంచి కబురు చేయండి. కర్ర పట్టుకుని మీదికెళితే కాటు కొనితెచ్చుకున్నట్టే. కరిస్తే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకు వెళ్లాలి.

చట్టమూ ఇదే చెబుతోంది. రేబిస్ అనుమానం బలంగా ఉన్న కుక్కను సహజంగా చనిపోయేదాకా విడిగా ఉంచాలన్నది 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల సారాంశం. కొట్టి చంపమని ఎక్కడా లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న టీకా, ఆపరేషన్ చేసిన వీధికుక్కలను పట్టిన చోటే వదలాలంటూ, రేబిస్ ఉన్నవాటిని, అనుమానం ఉన్నవాటిని, మీదపడే వాటిని మినహాయించింది. అనుమానం ఎవరిది? వీధి చివర టీకొట్టుదా, పశువైద్యుడిదా? మెడ వాలిన కుక్క ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉంది.

కాబట్టి మహానగర పాలికెను అడగాల్సింది మూడే. అనుమానం ఉన్న కుక్కను విడిగా ఉంచే గది. చెవి చూసి చెప్పే డాక్టరు. ఎవరికి కబురు చేయాలో కన్నడలో, తెలుగులో రాసిన బోర్డు. తెల్లదొరల దండు పోయినా పేరు మిగిలిన కంటోన్మెంట్‌లోనైనా, కౌల్‌బజార్‌లోనైనా, సరిహద్దుకు అటు రాయదుర్గం, గుంతకల్లులోనైనా కుక్క చెవి ఒకటే, రోగం ఒకటే. డాక్టరు వచ్చేదాకా ఆ కర్ర పక్కన పెట్టండి!