ఎన్ని ఆటలు అని కాదు, ఎంతమంది ఆడతారు అని అడగండి



పాతకాలం టీవీ గేమ్ ఒకటి కొని మన హాల్లో పెడదామనగానే, "అందులో ఎన్ని ఆటలుండాయి?" అనే అందరూ అడుగుతుండారు. మేము ఈ లెక్క ఒప్పుకోము. 'వెయ్యి ఆటల' క్యాసెట్ సంగతి మనకు తెలీనిదా? పేర్లు మార్చి అవే ఆటలు తిప్పి తిప్పి పెట్టేవాళ్ళు. 2016లో నింటెండో వాళ్ళు ఎన్‌ఈఎస్ క్లాసిక్ తెచ్చినారు. లోపల 30 ఆటలు, పెట్టెలో మటుకు ఒకటే కంట్రోలర్! పక్కన కూర్చున్నోడు ఊరికే చూస్తుండాలా?

ఇద్దరు పక్కపక్కన కూర్చొని మాట్లాడుకోక తప్పని ఆటే మంచి ఆట. కాంట్రాలో జలపాతం ఎక్కేటప్పుడు ఒకడు ముందు పరుగెత్తితే, వెనకబడినోడు తెర కిందికి పోయి చస్తాడు. "ఆగరా, నేనూ వస్తుండాను" అనాల్సిందే. 1986 నాటి బబుల్ బాబుల్ ఆర్కేడ్ ఆటను ఒంటిగా పూర్తిచేస్తే అసలు ముగింపు దక్కదు, తోడు కావాల. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఒకడు చస్తేనే రెండోవాడి వంతు; అంతవరకూ వాడి నోరు ఊరుకోదు.

మన పిల్లలకు బడిలో తమిళం, ఫోన్‌లో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడేది తాతతోనో అవ్వతోనో, అంతే. ఫోన్ గేమ్ ఆ కాసేపూ లాగేసుకుంటుండాది.

"ఆటబొమ్మతో భాష బతుకుతుందా?" అని నవ్వేవాళ్ళను మేము ఒకటే అడుగుతాము: నిన్న మీ మనవడు మీతో తెలుగులో ఎన్ని మాటలు మాట్లాడినాడు?

ఆటలు నాలుగు చాలు. కంట్రోలర్లు రెండు కావాల. ఒకటి మీరే పట్టుకోండి.