సైటు మీది, నష్టం జనానిది

“మాది చిన్న సైటు. మా మీద ఎవడు దాడి చేస్తాడు? దోచుకోడానికి మా దగ్గర ఏముందని?” కాలేజీల యాజమాన్యాలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, పెళ్లిసంబంధాల సైట్లు నడిపేవాళ్లు, అందరిదీ ఇదే పాట. వింటుంటే ఒళ్లు మండుతుంది. మీ దగ్గర ఏమీ లేకపోవచ్చు. మిమ్మల్ని నమ్మి ఫోన్ నంబరు, ఆధార్ కాపీ, పుట్టినతేదీ, రక్తపరీక్ష రిపోర్టు మీ చేతికిచ్చిన వేలమందికి మాత్రం పోగొట్టుకోడానికి చాలా ఉంది.

అసలు ఎవడో పనిగట్టుకుని మిమ్మల్నే ఎంచుకుంటాడని ఎందుకనుకుంటారు? కొత్త సైటు పెట్టి, సర్వర్ లాగ్ తెరిచి చూడండి. అడ్రసు ఇంకా చుట్టాలకైనా చెప్పి ఉండరు, అప్పటికే ఎవరో తలుపులు తడుతుంటారు. వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందేమోనని ఒక వరస. డేటాబేస్ పాస్‌వర్డులు దాచే ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైలు బయట పడి ఉందేమోనని మరో వరస. ‘అడ్మిన్’ అనే పేరు మీద ఒకదాని వెంట ఒకటిగా పాస్‌వర్డులు. ఇదంతా మనుషులు కాదు, బాట్‌లనే ప్రోగ్రాములు చేసే పని. వాటికి మీ పేరుతో, ఊరితో, టర్నోవరుతో నిమిత్తం లేదు. అప్‌డేట్ చేయని ప్లగిన్ ఒక్కటి దొరికితే చాలు.

దొరికాక ఏమవుతుందో కూడా వినండి. ఫొటోలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్లోకి పీహెచ్‌పీ ఫైలు ఒకటి చేరుతుంది. హోమ్‌పేజీ ఎప్పట్లాగే ఉంటుంది. మీ ప్రిన్సిపాల్‌గారి సందేశం, వార్షికోత్సవం ఫొటోలు ఎక్కడివక్కడే. వాటి చాటున బ్యాంకు లాగిన్ పేజీని అచ్చుగుద్దినట్టు దించిన నకిలీ పేజీ తయారవుతుంది. కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని ఊరూరా మెసేజీలు వెళ్తాయి. మీ డొమైన్‌కి అప్పటిదాకా మచ్చలేదు కాబట్టి బ్రౌజర్ కూడా హెచ్చరించకపోవచ్చు. ఎక్కడో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఆ లింకు నొక్కి, వివరాలన్నీ నింపి, ఓటీపీ కొడతాడు. ఆయన పింఛను డబ్బు పోయింది మీ సైటు గుండానే. మీకు తెలియకపోవడం ఆయన నష్టాన్ని పూడుస్తుందా?

పెద్ద కంపెనీలైనా మునిగేది ఇలాంటి అలసత్వం వల్లనే. 2015 అక్టోబరులో బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి దాదాపు 1,57,000 మంది కస్టమర్ల వివరాలు పోయాయి. వారిలో 15,000 మందికి పైగా బ్యాంకు ఖాతా నంబర్లు కూడా పోగొట్టుకున్నారు. వాడిన పద్ధతి, వెబ్‌పేజీ గుండా డేటాబేస్‌కి దొంగ ఆదేశాలు పంపే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, 1990ల చివరి నుంచీ అందరికీ తెలిసిన చిట్కా. దాడి జరిగింది టాక్‌టాక్ 2009లో మరో సంస్థను కొన్నప్పుడు దానితోపాటు వచ్చిపడ్డ పాత వెబ్‌పేజీల మీద. అవి ఉన్నాయన్న సంగతే టాక్‌టాక్‌కి పట్టలేదు. డేటాబేస్ లోపానికి మందు దాడికి మూడున్నరేళ్ల ముందే విడుదలైనా వేయలేదు. 2015లోనే అంతకుముందు రెండుసార్లు ఇలాంటి దాడే జరిగినా మేలుకోలేదు. ఆ కేసులో నేరం ఒప్పుకున్నవాళ్లలో 17 ఏళ్ల కుర్రాడూ ఉన్నాడు. అక్కడి సమాచార కమిషనర్ 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు.

మన దగ్గరికి వద్దాం. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి డేటా బయటికి పోయింది. ఆపదలో ఆదుకుంటారని ఆడవాళ్లు నమ్మి వాడే యాప్ అది. ఆ కేసులో పోలీసులు పట్టుకున్నది ఇంకా చదువుకుంటున్న 20 ఏళ్ల కుర్రాణ్ని. పోలీసుల యాప్‌కే ఈ గతి పడితే, మీ తలుపు ఎవరూ తట్టరని ఏ ధైర్యంతో అంటున్నారు?

నలుగురూ నడిచే దారిలో బావి తవ్వి, దానికి గట్టు కట్టకుండా వదిలేసి, ఎవరో పడ్డాక నాకేం తెలుసంటే ఊరు ఊరుకుంటుందా? మరి ఇక్కడెందుకు ఊరుకోవాలి? చట్టం కూడా ఊరుకోనంటోంది. సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో తనకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. వ్యక్తిగత డేటాకి తగిన భద్రత కల్పించనివాళ్లకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు 2023 నాటి డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. ఎన్ని సంస్థలు ఈ మాట చెవిన పెట్టాయి? దాడి జరిగితే పరువు పోతుందని గుట్టుగా సర్దుకోవడమే తప్ప, “మీ వివరాలు పోయాయి, జాగ్రత్తపడండి” అని కస్టమర్లకి ఒక్క మెసేజ్ పంపే నిజాయితీ ఎందరికుంది?

డబ్బు లేదంటారు. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు కట్టడానికి డబ్బుంది! సైటు చేసిన కుర్రాడు మానేశాడంటారు. మరి అతని పాస్‌వర్డు ఇంకా ఎందుకు పనిచేస్తోంది? సైటుకి వచ్చే వివరాలను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లు ఉచితం. అడ్మిన్ లాగిన్‌కి రెండంచెల తనిఖీ పెట్టడం, వాడని ప్లగిన్లు పీకేయడం పూటలో అయ్యే పనులు. బ్యాకప్ అదే సర్వర్లో ఉంటే సర్వర్‌తోపాటే పోతుంది కాబట్టి వేరేచోట దాచండి, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో పరీక్షించండి. అన్నిటికన్నా ముందు, అక్కర్లేని వివరాలు అడగడం మానండి. అడ్మిషన్ ఎంక్వైరీకి ఆధార్ కాపీ దేనికి? మీ దగ్గర లేనిదాన్ని మీ దగ్గర్నుంచి ఎవడూ దొంగిలించలేడు.

ఇవేవీ చేయలేనంటారా? అయితే సైట్లో వివరాలు అడిగే ఫారం ఈరోజే తీసేయండి, పోగేసిన డేటా చెరిపేయండి, సైట్లో ఫోన్ నంబరు, చిరునామా మాత్రం ఉంచండి. జనం వివరాలను కాపాడే ఓపిక లేనివాళ్లకి వాటిని అడిగే హక్కు లేదు.