శుభలేఖను దాచనేల?

గ్రాఫిక్ డిజైను విద్యను ముగించి క్రొత్తగా ఉద్యోగాన్వేషణకు బయలుదేరిన యువతీయువకులు పంపెడి దరఖాస్తులను పరిశీలించుట కొన్ని సంవత్సరములుగా నా వృత్తిలో నొక భాగమైనది. బయోడేటా ఒక పుట, పోర్టుఫోలియో ముప్పది పుటలు. ఆ ముప్పది పుటలలోను ఎన్నడును తెఱవని కాఫీహోటలున కొక లోగో, ఎవరును కోరకయే యొక విదేశీ బూట్ల కంపెనీకి ప్రసాదించిన నూతన రూపము, ఆ లోగోలనే కప్పు మీదను సంచి మీదను చొక్కా మీదను అతికించిన మాకప్పులు. పేర్లు తీసివేసినచో ఏది యెవరి పనియో పోల్చుకొనుట దుస్సాధ్యము.

ఇట్టి దరఖాస్తుతో వచ్చిన యొక అమ్మాయిని, "ఇవి కాక, ఎవరికైనా నిజంగా చేసిపెట్టిన పని ఏదైనా ఉందా అమ్మా?" అని యడిగితిని. ఆమె కొంత సంకోచించి, "మా అక్క పెళ్లి శుభలేఖ చేశానండీ. ఇంట్లో పని కదా అని పెట్టలేదు" అనుచు ఫోనులో చూపినది.

ఆ శుభలేఖ నాలుగు మూలలును ఖాళీగా నుండెను. అమ్మ అక్కడ పసుపు అద్దును గనుక అక్షరములు ఉంచలేదట. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకొనియు ముహూర్తమును చదువలేకపోయినందున ఆ పంక్తిని పెద్దది చేసినదట. పెదనాన్నగారి పేరు చిన్నాన్నగారి పేరునకు క్రిందికి జాఱుటచే ఇంటిలో రేగిన కలహమునకు ఫలముగా రెండవ ప్రతియు, ఫోనులో మిలమిలలాడిన కుంకుమరంగు కాగితముపై ఇటుకరంగై తేలుటచే ప్రెస్సులో కూర్చుండి దిద్దిన మూడవ ప్రతియు పుట్టినవి. తెర వెలుగుతో రంగును చూపును, ప్రెస్సు సిరాతో చూపును. ఈ భేదమును ఆమెకు బోధించినది వ్యర్థమైన యొక కాగితపు కట్ట. ముప్పది పుటలలో వెదకినను దొరకని డిజైనరు నాకు ఆ యొక్క కార్డులో కనబడినది.

కావున నా మతము ఇది. అక్కరగల మనిషి యొకడు ఎదుట నిలిచి, గడువును ఖర్చును నిర్ణయించి, మధ్యలో మనసు మార్చుకొన్న పనియే పోర్టుఫోలియోలో ముందుండవలెను; అది వీధిచివరి టిఫిను సెంటరు మెనూ బోర్డైనను, గణపతి నవరాత్రుల ఫ్లెక్సీయైనను సిగ్గుపడ నక్కఱలేదు. ఎనిమిది పదులు చూపనేల, ఎనిమిది పనులు చాలును. ప్రతిదాని ప్రక్కను చిక్కు ఏమి, తాను చేసినదేమి, నలుగురు కలిసి చేసినదైనచో అందు తన పాలెంత అనునది రెండు మూడు వాక్యములలో చెప్పిన మంచిది. 'ఫొటోషాప్ 90 శాతము' అని గీతలు గీయు ఆచార మెవరు కల్పించిరో గాని, మిగిలిన 10 శాతమేమని యడుగుటకు నాకింతవఱకు ధైర్యము చాలలేదు.

ఇంతకంటె నన్ను బాధించునది మఱియొకటి కలదు. తెలుగునాట పుట్టి పెరిగినవారి పోర్టుఫోలియోలలో తెలుగక్షరము అరుదు. ఉన్నచోటను, అడోబీ సాఫ్టువేరులో భారతీయ లిపులకై ఏర్పఱచిన కంపోజరును ఎంచుకొననందున, 'లక్ష్మి' ఒత్తులు ఊడి చెల్లాచెదరై పడియుండును. న్యాయశాస్త్రము చదివిన బాపుగారి (1933–2014) చేతివ్రాత కంప్యూటరు ఫాంటుగా మాఱి నేడు శుభలేఖలపై నిలిచియుండగా, డిజైనులోనే పట్టా పొందినవారు తమ లిపిని తప్పుగా అచ్చొత్తి పంపుట క్షమింపరాని అశ్రద్ధ.

తప్పంతయు పిల్లలదే యనుట అన్యాయము. క్రొత్తవారు కావలెనని ప్రకటించి రెండేండ్ల అనుభవ మడుగు సంస్థలును, 'పరీక్ష' యను పేర పూర్తి ప్రచారపత్రమును ఉచితముగా చేయించుకొని మఱి పలుకని యజమానులును నాకు తెలియును. గంటకు మించిన పరీక్షకు వేతన మియ్యవలెను. ఇందు వాదమునకు తావు లేదు.

ఆ శుభలేఖను మొదటి పుటలో చేర్చి మరల పంపుమని అమ్మాయితో చెప్పితిని. అచ్చు ప్రతి యొక్కటే మిగిలినదనియు, దానికి పసుపు అంటియున్నదనియు, కంప్యూటరులోని శుభ్రమైన ప్రతిని పంపవలెనా యనియు ఆమె యడిగినది. పసుపుతోనే స్కాను చేయుమంటిని.