వదిలేస్తే బతికినట్టేనా?

దొరల దేశంలో ఒకాయన నడుంలోతు నీళ్లలో నిలబడి, ఇంత పొడుగు సాల్మన్ చేపని గాలంతో పట్టి, ఫోటో దిగి మళ్లీ ఏట్లోకి వదిలే వీడియో మన గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కింద అందరూ దండాలే, "ఎంత జాలి గుండె" అని. నాకైతే దండం పెట్టబుద్ధి కాలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదవండి.

వదలడం తప్పని నేననను. స్కాట్లాండ్‌లో గాలానికి పడిన సాల్మన్లలో నూటికి 90కి పైగా వదిలేస్తున్నారు. నీళ్లు చల్లగా ఉండి, చేపని నీళ్లలోనే ఉంచి ముల్లు తీస్తే చాలామటుకు బతుకుతాయి. 2023లో బ్రిటన్ సాల్మన్‌ని అంతరించే ప్రమాదమున్న వాటిలో చేర్చారు, కాబట్టి ప్రతి చేపా లెక్కే. అది సముద్రం నుంచి ఏరెక్కి వచ్చేది గుడ్లు పెట్టడానికి. ఏట్లోకి వచ్చాక మేత మానేస్తుంది, ఒంట్లో కొవ్వు మీదే నెలల తరబడి బతకాలి. ఒక ఆడచేప చచ్చిందంటే వేల గుడ్లు పోయినట్టే.

నా పేచీ అంతా "ఈదుకుంటూ పోయింది, బతికింది" అనే లెక్కతో. చెరువు చేసినవాళ్లని అడగండి. పట్టుబడిలో వలలో నలిగి జారిపోయిన చేప అప్పటికి ఈదుతూనే పోతుంది. మర్నాడు గట్టువార తేలుతుంది.

గాలానికి తగిలిన చేప పెనుగులాడి పెనుగులాడి అలిసిపోతుంది. అప్పుడు దాన్ని గాల్లోకి ఎత్తడమంటే, పరుగెత్తి రొప్పుతున్న మనిషికి ముక్కూ నోరూ మూయడమే. మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు కెనడా శాస్త్రవేత్తలు సాల్మన్‌కి దాయాది అయిన రెయిన్‌బో ట్రౌట్‌ని అలిసిపోయేదాకా తరిమి చూశారు. గాల్లోకి ఎత్తనివాటిలో 12 గంటల్లో నూటికి 12 చచ్చాయి. 30 సెకన్లు ఎత్తితే 38. నిమిషం ఎత్తితే 72! తొట్టిలో లెక్క ఏటికి అచ్చంగా సరిపోదు, సరే. కానీ ఆ వీడియోలో ఆయన చేపని ఎంతసేపు ఎత్తి పట్టుకున్నాడో మీరే లెక్కపెట్టండి.

దీనికి తోడు నీళ్ల వేడి. 18 డిగ్రీలు దాటితే వదిలిన సాల్మన్లలో చావులు పెరుగుతాయి, 20 దాటితే మరీను. 20 డిగ్రీలంటే మనకి సంక్రాంతి చలి, దానికి రోహిణి కార్తె. వేడి నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో చేపకి ఎక్కువ కావాలి. ఏరియేటర్ వేసే మనకి ఇది ఒకరు చెప్పాలా? కెనడాలో మిరమిషి నది మీద నీళ్లు బాగా వేడెక్కితే, చేపలు చల్లదనానికి చేరే మడుగుల్లో గాలం వేయనివ్వరు. అన్నిచోట్లా అలాగే ఆపాలంటాను నేను. వేడి రోజున పట్టి వదలడం జాలి కాదు, సరదా.

ఆపితే పల్లెల్లో గాలం వేటగాళ్ల వెంట నడిచే కూలీల పని పోతుందంటారు. వాళ్ల సంగతి నిజమే, ఆ రోజుల కూలి ఏటి హక్కుదార్లు ఇచ్చుకోవాలి. గాలం పట్టుకునే ఆయనకి మాత్రం పోయేదేముంది? మన సముద్రం ఒడ్డున ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టుకోవాలని. వేటే తిండి అయినవాళ్లు రెండు నెలలు కూర్చుంటున్నారు. సరదాకి పట్టేవాళ్లు ఎండ తగ్గేదాకా నాలుగు రోజులు కూర్చోలేరా?