శాసనసభ నుంచి విద్యా కుర్చీ దాకా: తండా బడికి ఒరిగిందేమిటి?

పదవి పోయిన నాయకుడు ఎక్కువకాలం ఖాళీగా ఉండడు. శాసనసభలో కాలం తీరినా, టికెట్ చేజారినా, ఎన్నికల్లో ఓడినా ఏదో ఒక మండలిలో సభ్యత్వమో, కార్పొరేషన్ కుర్చీయో ఆయన కోసం సిద్ధంగా ఉంటుంది. అది చదువుకు సంబంధించిన కుర్చీ అయితే గౌరవం ఇంకా ఎక్కువ. ఉత్తర్వు వచ్చిన మర్నాడే మనవాళ్లు శాలువాలు పట్టుకుని బయలుదేరుతారు. వాళ్లలో మన ఉపాధ్యాయులే ముందుంటారు. డీఎడ్, బీఎడ్ చేసి డీఎస్సీ కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్న మన పిల్లలు ఫ్లెక్సీ కట్టి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆయన ఎమ్మెల్యేగా ఉన్న ఐదేళ్లలో తండా బడి గురించి సభలో ఎన్నిసార్లు నోరు విప్పాడని మాత్రం ఎవరూ అడగరు.

ఒక్క మనిషిని తిట్టి చేతులు దులుపుకుంటే ఈ జబ్బు నయం కాదు. పార్టీ ఏదైనా ఈ దారి ఒకటే. అందుకే మనిషిని పక్కనపెట్టి కుర్చీలనే లెక్క అడుగుదాం.

నేరేడుచర్ల నుంచే మొదలుపెడదాం. 2020 జనవరిలో ఇక్కడి పురపాలికకు ఎన్నికలు జరిగాయి. మొత్తం 15 వార్డులు. ఓటర్లు తమ తీర్పు తాము చెప్పారు. ఛైర్మన్ ఎన్నిక దగ్గరకు వచ్చేసరికి వార్డు సభ్యుల ఓట్లు చాలలేదు, ఎక్స్ అఫీషియో ఓట్ల వేట మొదలైంది. అప్పటి రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావుకు ఇక్కడ ఓటు ఉందా లేదా అన్నదాని మీద పెద్ద రభస జరిగింది. ఎన్నిక వాయిదా పడింది. చివరికి పీఠం నాటి అధికార పార్టీకి దక్కింది. ఎవరిది న్యాయమన్న చర్చ ఇప్పుడు మనకెందుకు? గమనించాల్సిన సంగతి వేరే ఉంది. పీఠం కోసమైతే హైదరాబాద్ నుంచీ ఢిల్లీ నుంచీ పెద్ద సభ్యులు ఈ చిన్న పట్టణానికి పరుగెత్తుకొస్తారు. సభ్యత్వం ఎక్కడ నమోదు చేసుకోవాలో, ఏ రోజు ఏ గంటకు హాజరు కావాలో వాళ్లకు బాగా తెలుసు. చుట్టుపక్కల తండాల్లో బడి గురించి కూర్చోవాల్సిన రోజున ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు చదువు పేరున్న కుర్చీల సంగతి.

మొదటిది ఉపాధ్యాయ ఎమ్మెల్సీ. 1985లో రద్దయిన శాసనమండలి 2007లో మళ్లీ వచ్చింది. మన ప్రాంతం వరంగల్–ఖమ్మం–నల్లగొండ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఉంది. 2025 ఫిబ్రవరిలో కూడా ఓట్లు వేశాం. వేశాం అంటే అందరం కాదు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో కనీసం మూడేళ్లు బోధించినవారికే ఈ ఓటు. అంటే తండా ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఎస్జీటీకి ఓటు లేదు. అ ఆలు దిద్దించేవాడు, ఇంట్లో గోర్ బోలి తప్ప మరో మాట వినని పిల్లవాడిని తెలుగులోకి చెయ్యిపట్టి నడిపించేవాడు, ఒక్కడే ఐదు తరగతులు చూసేవాడు, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసేవాడు, వీళ్లెవరూ ఈ ఎన్నిక దృష్టిలో ఉపాధ్యాయులు కారు. ఓటు లేని బడి గొంతు మండలిలో ఎందుకు వినిపిస్తుంది? ప్రచారంలో పీఆర్సీ, డీఏ, బదిలీలు, పింఛను వినిపిస్తాయి. అవి న్యాయమైన డిమాండ్లే. తండా బడి మాత్రం ఆ జాబితాలో చివరి పేజీకి కూడా ఎక్కదు.

రెండోది గిరిజన సలహా మండలి. దీని గురించి మన యువతకు తెలిసింది చాలా తక్కువ. రాజ్యాంగం ఐదో షెడ్యూలు నాలుగో పేరా ప్రకారం మండలిలో 20 మందికి మించకుండా సభ్యులు ఉండాలి. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు శాసనసభలోని గిరిజన ప్రతినిధులే కావాలి. అంటే మన ఎమ్మెల్యే గెలిచిన రోజే ఈ కుర్చీకి అర్హుడు. మన నేరేడుచర్ల షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కదా, మనకెందుకు అని కొందరు అంటారు. ఆ పేరా మళ్లీ చదవండి. రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, అభ్యున్నతి గురించి సలహా చెప్పడం మండలి విధి అని ఉంది. ఏజెన్సీ గూడేనికి ఎంత హక్కుందో మైదానపు తండాకూ అంతే హక్కుంది. పైగా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని 12 అసెంబ్లీ స్థానాల్లో ఎస్టీ రిజర్వుడు స్థానం దేవరకొండ ఒక్కటే. హుజూర్‌నగర్ నియోజకవర్గంలోని తండాల మాట శాసనసభలో ప్రత్యేకంగా ఎత్తే గిరిజన ప్రతినిధి లేడు. కాబట్టి ఆ మండలి మనకు ఇంకా ఎక్కువ అవసరం.

"మండలికి అధికారం ఎక్కడిది? గవర్నర్ అడిగితేనే కదా సలహా చెప్పేది" అని సభ్యులు తప్పించుకుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. గవర్నర్ పంపిన అంశాల మీదే మండలి సలహా ఇవ్వాలి. అయితే ఆ అంశాన్ని పంపమని ఉత్తరం రాయకుండా వాళ్లను ఆపిందెవరు? ఆ సభ్యులే ఎమ్మెల్యేలు కూడా. మండలిలో నోరు లేకపోతే సభలో ఉంది. అధికారం లేని కుర్చీ అయితే దానికోసం పైరవీ ఎందుకు? ఎక్కాక సన్మానం ఎందుకు?

ఈ నిర్లక్ష్యం ఖరీదు ఎంతో జీవో నెంబరు 3 చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న ఆ జీవో వచ్చింది. దాని కింద ఏజెన్సీ గూడేల్లో మన భాష తెలిసిన టీచర్లు వచ్చారు. కేసు ఎప్పటినుంచో కోర్టుల్లోనే ఉంది. హైకోర్టు సమర్థించినా అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు నిలిచాయి. తరువాతి తరం బయట నిలబడింది. ఇరవై ఏళ్లు ఒక్క జీవో మీద మన పిల్లల భవిష్యత్తు వేలాడింది. ఆ ఇరవై ఏళ్లలో సభలో కూర్చున్న గిరిజన ఎమ్మెల్యేలు, మంత్రులు ఎందరు? జీవో నిలవకపోతే ఏం చేయాలి, కోర్టు ముందు నిలబడే రిజర్వేషన్‌ను ఎలా మలచాలి అన్న ఆలోచన తీర్పుకు ముందే జరగాల్సింది. తీర్పు వచ్చాక ధర్నాలో మైకు పట్టుకోవడం తేలిక.

గిరిజన విశ్వవిద్యాలయం కథ కూడా చూడండి. 2014 విభజన చట్టం రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ హామీ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 2019లో వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం అయ్యేసరికి 2023 డిసెంబరు. ఆలస్యానికి ఢిల్లీ హైదరాబాద్‌ను, హైదరాబాద్ ఢిల్లీని చూపించాయి. 2014లో పదో తరగతి పాసైన మన పిల్ల ఆ లోపల డిగ్రీ, పీజీ ముగించి ఇంటికి చేరింది. ఆ తొమ్మిదేళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

"మనవాడు కుర్చీలో ఉంటే కొంతైనా మేలు కదా, మనవాళ్లనే మనం నిలదీస్తే పైవాళ్లకు అలుసు కాదా?" ఈ ప్రశ్న తండాలో తప్పక వస్తుంది. మనవాడు కుర్చీలో ఉండాలి, అందులో రెండో మాట లేదు. ఆ కుర్చీలు ఎవరి దయతోనూ రాలేదు. జనాభా లెక్కల మీద, రాజ్యాంగం మీద, మన పెద్దల పోరాటాల మీద వచ్చాయి. అందుకే లెక్క అడిగే హక్కు కూడా మనకే ఉంది. నిలదీయని చోట మనవాడు పార్టీవాడవుతాడు. పార్టీ చెప్పినప్పుడు చెయ్యెత్తి, చెప్పినప్పుడు దించి, ఇంకో కుర్చీ కోసం ఎదురుచూస్తాడు.

మరి ఏం అడగాలి? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని దాని షెడ్యూలు చెబుతోంది. అంటే తండాలోని ఏకోపాధ్యాయ పాఠశాల ప్రతిరోజూ చట్టాన్ని ఉల్లంఘిస్తూనే తలుపు తీస్తోంది. టీచరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా బడి మూతే. పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని బడినే తీసేస్తామంటారు. తల్లిదండ్రులు నాట్లకు, పత్తి ఏరడానికి, సిమెంటు ఫ్యాక్టరీల పనులకు పోయే ఇళ్లలో ఆరేళ్ల పిల్ల పక్క ఊరి బడికి ఎవరి తోడుతో పోతుంది? మాతృభాషలో బోధన గురించి రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, బంజారాతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. ఆ వాచకం మన తండా బడి బీరువాలో ఉందా? లేకపోతే ఎందుకు లేదో ఏ సభ్యుడైనా అడిగాడా?

ఇక మన పని. సలహా మండలి సమావేశాల తేదీలు, హాజరు పట్టీ, మినిట్స్ కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు. ఉపాధ్యాయ సంఘాల్లో ఉన్న మన టీచర్లు ఎస్జీటీ ఓటు హక్కును మొదటి డిమాండుగా పెట్టించాలి. అది పార్లమెంటు చేతిలో ఉంది కాబట్టి ఎంపీలను కూడా పట్టుకోవాలి. మరొకటి ఉంది. తెలంగాణ శాసనసభలో ఎస్టీ స్థానాలు 12 మాత్రమే. 20 మందితో మండలి వేస్తే గిరిజన ప్రతినిధుల వాటా 15. ఎమ్మెల్యేలు చాలనప్పుడు మిగిలిన స్థానాలను ఆ తెగలకే చెందిన ఇతరులతో నింపాలని ఐదో షెడ్యూలే చెబుతోంది. ఆ స్థానాలు ఓడిపోయిన నాయకులకు ఓదార్పు బహుమతులు కాకూడదు. తండా బడిలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన పంతులమ్మకు, గూడెం నుంచి పీజీ దాకా చదివిన యువతికి ఇమ్మని అడుగుదాం.

రేపు ఎవరికైనా చదువు పేరున్న కుర్చీ వస్తే అభినందించండి, తప్పులేదు. ఆ రోజే చేతిలో ఒక కాగితం పెట్టండి. అందులో మీ తండా పేరు, బడిలో పిల్లల సంఖ్య, ఉండాల్సిన టీచర్లు, ఉన్న టీచర్లు రాయండి. ఏడాది తిరిగాక అదే కాగితం నకలు పట్టుకుని మళ్లీ వెళ్లండి. శాలువా కప్పాలో వద్దో అప్పుడు తేల్చుకుందాం.