ఆడిటర్లకు బీమా: పరిమితి పెంపు సబబే

మిర్చి ధర రెట్టింపయినా పాత మొత్తానికే గోడౌను బీమా కొనసాగించే వర్తకుడిని తోటివారు తెలివైనవాడనరు. నిప్పంటుకున్న నాడు, ప్రీమియంలో మిగిల్చిన సొమ్ము ఏ మూలకూ రాదు. బ్రిటన్‌లో అకౌంటెన్సీ సంస్థలకు కూడా ఇదే లెక్క వర్తించింది.

ఇంగ్లండ్, వేల్స్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వృత్తి బాధ్యతా బీమా నిబంధనలను 2024 సెప్టెంబరు 1 నుంచి సవరించింది. ఆడిటులోగాని, పన్ను సలహాలోగాని అకౌంటెంటు పొరపాటు వల్ల ఖాతాదారుకు నష్టం వాటిల్లితే, పరిహారం చెల్లించడానికి ఉద్దేశించిన బీమా ఇది. కనీస పరిమితి 15 లక్షల పౌన్ల నుంచి 20 లక్షలకు పెరిగింది. ఏటా 8 లక్షల పౌన్ల లోపు ఫీజు ఆదాయం గల సంస్థలు ఆ ఆదాయానికి రెండున్నర రెట్లకు బీమా చేస్తే చాలు. అయితే ఎంత చిన్న సంస్థకైనా ఆ మొత్తం రెండున్నర లక్షల పౌన్లకు తగ్గరాదు. మునుపు ఇది లక్ష పౌన్లే.

దీనివల్ల చిన్న సంస్థలపై ప్రీమియం భారం పడుతుందన్న మాట నిజమే. ఆ భారం కొంత ఫీజుల రూపంలో ఖాతాదారులకు చేరకపోదు. కాని ఫీజు చిన్నదైనంత మాత్రాన పొరపాటు చిన్నది కానక్కరలేదు. ఒక్క తప్పుడు పన్ను సలహా ఖాతాదారు వ్యాపారాన్నే ముంచవచ్చు.

మరొక మెలిక ఉంది. సాధారణంగా ఈ పాలసీలు పొరపాటు జరిగిన ఏడాదిని బట్టి గాక, క్లెయిము వచ్చిన ఏడాదిని బట్టి పనిచేస్తాయి. కార్యాలయం మూసివేసి, ప్రీమియం ఆపివేసిన ఆడిటరు పాత ఖాతాదారులను గాలికి వదిలినట్టే.

మన దేశంలో ఆడిటర్లందరికీ ఇటువంటి బీమా తప్పనిసరి కాదు. 2009 జనవరిలో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడింది. ఆడిటు సంస్థలు 2011లో అమెరికా మదుపుదారులకు 2.55 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నాయి. అంతర్జాతీయ పేరున్న సంస్థలు గనుక చెల్లించగలిగాయి. ఇద్దరు ముగ్గురు భాగస్వాములతో నడిచే సంస్థకు ఆ స్తోమత ఎక్కడిది?

సరుకు నిల్వలపై అప్పులిచ్చే బ్యాంకులు, భాగస్వామ్య వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు అందరూ ఆడిటరు సంతకాన్ని నమ్ముకున్నవారే. ఫీజు ఆదాయాన్ని బట్టి మెట్లు పెట్టి, ఇక్కడ కూడా ఈ బీమాను తప్పనిసరి చేయడం మంచిది. బీమా ఉన్నంతలో తెలిసి చేసిన మోసానికి రక్షణ ఉండదన్నది వేరే మాట. తెలియక జరిగే పొరపాట్లకు అది అండ.

చట్టం వచ్చేదాకా వర్తకులు ఆగనక్కరలేదు. ఆడిటరును కుదుర్చుకునేటప్పుడే పాలసీ ఉన్నదా, ఎంత మొత్తానికి, గత సంవత్సరాల పనికి వర్తిస్తుందా అని అడగడంలో మొగమాటం పనికిరాదు. సరుకు నాణ్యత చూడకుండా బేరమాడే వర్తకుడు ఎవరూ ఉండరు గదా!